1000 వాట్ల ఇస్త్రీపెట్టె, లెక్కలో 559 వాట్లే. తప్పు పెట్టెదా, నాదా?

పొందూరు_ఇస్త్రీ | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది పొందూరు. ఇంటి వెనక తాటాకు పాకలో ఇస్త్రీ పని చేస్తాను. మా ఊరి సన్న ఖద్దరు ఎరిగినవారికి చెప్పనక్కర్లేదు, గంజి పెట్టిన పంచెకు తగిన వేడి తగలకపోతే నీళ్లు చిలకరించి ఎంత రుద్దినా ముడత వదలదు. నెల కిందట శ్రీకాకుళంలో కొత్త పెట్టె కొన్నాను. దాని మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంది. పాతదీ 1000 వాట్లదే. అది వేడెక్కడం లేదనే దీన్ని కొన్నాను. ఇదీ అంతే.

మా బావమరిది క్లాంప్ మీటర్ తెచ్చి చూశాను. మొదట సున్నా చూపించింది. వైరు మొత్తాన్ని దాని కొక్కెంలో పెట్టానట, వెళ్లే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయట. ఫేజు తీగ ఒక్కదాన్నే విడదీసి పెడితే 3.25 ఆంపియర్లు వచ్చింది. అదే సమయంలో పాకలో ప్లగ్గు దగ్గర 172 వోల్టులు. లైటు, ఫ్యాను ఆపేసి తీసుకున్న అంకెలు ఇవి. 172ను 3.25తో గుణిస్తే 559. సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. కొట్టువాడు మోసం చేశాడా? రేపు వెళ్లి గొడవ పెట్టుకోవాలా, వద్దా?

ఇంకొక సంగతి, సంబంధం ఉందో లేదో తెలియదు. పెట్టె మీది ఎర్రలైటు ఆరినప్పుడల్లా పాకలోని 60 వాట్ల పాత బల్బు ఒక్కసారిగా వెలుగు పుంజుకుంటుంది.

పాలిటెక్నిక్_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:05

గొడవ వద్దండీ, పెట్టె మంచిదే. మీ అంకెలతోనే తేలిపోతుంది.

మీరు కొలిచిన వోల్టేజిని కరెంటుతో భాగించండి. 172 ÷ 3.25 = 52.9 ఓములు. అది పెట్టెలోని కాయిలు నిరోధం, అంటే కరెంటును అది అడ్డుకునే కొలత. ఇప్పుడు పెట్టె మీద రాసిన అంకెలు చూడండి. 230ని 230తో గుణించి 1000తో భాగిస్తే 52.9. రెండూ ఒకటే. అంటే 230 వోల్టులు ఇస్తే ఆ పెట్టె 4.35 ఆంపియర్లు లాగి 1000 వాట్లు ఇస్తుంది. మీరు ఇస్తున్నది 172, కాబట్టి 559 ఇస్తోంది.

ఆమదాలవలస_రైతు | ఆదివారం, రాత్రి 9:30

కుర్రాడి లెక్క నాకు నచ్చలేదు. వోల్టేజి తగ్గితే కరెంటు పెరగాలి. మా పొలంలో 5 హార్స్‌పవర్ మోటారు ఉంది. సాయంత్రం వోల్టేజి పడితే స్టార్టర్ మీద ఆంపియర్ ముల్లు పైకి లేస్తుంది. రెండుసార్లు మోటారు కాలింది కూడా. ఆయన పెట్టెకేమో వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గిందంటున్నారు. ఏది నిజం?

వైండింగ్_షాపు_రాజాం | ఆదివారం, రాత్రి 10:15

రెండూ నిజమే. మీలాంటి వారి పుణ్యమా అని నా కొట్టు నడుస్తోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇస్త్రీపెట్టెకు ఆశ లేదు. ఎంత వోల్టేజి ఇస్తే అంత కరెంటే తీసుకుంటుంది, మధ్యలో నిలబడేది దాని 52.9 ఓములే. మోటారు అలా ఊరుకోదు. దాని మీద నీళ్లు ఎత్తే బరువు ఉంది. వోల్టేజి పడినా అది దాదాపు అదే వేగంతో తిరుగుతుంది, అదే నీళ్లు ఎత్తాలి, కనుక కావలసిన వాట్లు తగ్గవు. వోల్టేజిలో తగ్గినదాన్ని కరెంటులో రాబడుతుంది.

మీ మోటారుకు లెక్క చూడండి. 5 హార్స్‌పవర్ అంటే 3730 వాట్లు, అది ఇరుసు మీద వచ్చే శక్తి. సామర్థ్యం 80 శాతం అనుకుంటే లోపలికి సుమారు 4660 వాట్లు పోవాలి. మూడు ఫేజుల లెక్కలో దాన్ని 1.732తో, వోల్టేజితో, పవర్ ఫ్యాక్టర్‌తో భాగించాలి. పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతు, 0.8 అనుకుంటే 415 వోల్టుల దగ్గర 8.1 ఆంపియర్లు, 350 దగ్గర 9.6 ఆంపియర్లు. చూడటానికి ఒకటిన్నర ఆంపియరే. కానీ వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి 40 శాతం ఎక్కువ వేడి. ఎండాకాలంలో బావి గట్టు మీద రేకుల షెడ్డులో ఆ 40 శాతం ఏం చేస్తుందో మీరు రెండుసార్లు చూశారు.

ఇంకొకటి. మోటారు వైండింగును మల్టీమీటర్‌తో కొలిస్తే కొన్ని ఓములే కనిపిస్తుంది. దానితో 415ను భాగించి కరెంటు చెప్పాలని చూడకండి, అంకె ఎక్కడికో పోతుంది. తిరిగే మోటారు లోపల ఎదురు వోల్టేజి పుడుతుంది, అదే కరెంటును అదుపులో పెడుతుంది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే తేలిగ్గా నిరోధం వచ్చేది హీటరు, పెట్టె, కుక్కరు లాంటి వాటికే.

నాగావళి_గట్టు | సోమవారం, ఉదయం 6:20

రిటైరైన భౌతికశాస్త్రం మాస్టారిని. నిద్ర లేవగానే ఈ చర్చ కనిపించింది, కాఫీ చల్లారిపోయింది.

మీరంతా వాడుతున్న ఈ లెక్క కనిపెట్టిన ఓమ్ కూడా బడిపంతులే. జర్మనీలో కొలోన్‌లో పిల్లలకు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవాడు. 1825లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో ఆయనకు ఎదురైన చిక్కు సరిగ్గా మన పొందూరు ఆయన చిక్కే. కరెంటు లాగేకొద్దీ బ్యాటరీ ఘటాల వోల్టేజి పడిపోయేది, అంకెలు కుదిరేవి కావు. తరువాత బిస్మత్, రాగి కలిపి ఒక అతుకును మరిగే నీటిలో, ఇంకొక అతుకును మంచులో ఉంచి నిలకడైన వోల్టేజి సంపాదించాడు. అప్పుడు వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు అన్న సూత్రం తేలింది. 1827లో పుస్తకం వేశాడు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి వస్తుందన్నది జౌల్ 1841లో చెప్పిన మాట.

కాబట్టి పొందూరు గారూ, కుర్రాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పు. వోల్టేజి మూడొంతులకు పడింది, వాట్లు మూడొంతుల్లో మూడొంతులకు పడ్డాయి. 0.75ను 0.75తో గుణించి చూసుకోండి, 0.56 వస్తుంది.

పాలిటెక్నిక్_కుర్రాడు | సోమవారం, ఉదయం 7:45

మాస్టారూ, ఒక సందేహం. మా గదిలో కూడా 60 వాట్ల తీగ బల్బు ఉంది. లెక్క ప్రకారం 230 × 230 ÷ 60 = 882 ఓములు రావాలి. విప్పి మల్టీమీటర్‌తో కొలిస్తే 65 ఓములే చూపిస్తోంది. మీటరు చెడిందనుకుని స్నేహితుడిది తెచ్చాను. అదీ 65 అంటోంది.

నాగావళి_గట్టు | సోమవారం, ఉదయం 8:10

మీటర్లు రెండూ మంచివే. నువ్వు కొలిచింది చల్లని బల్బు. వెలిగేటప్పుడు టంగ్‌స్టన్ తీగ రెండున్నర వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది, నిరోధం పదమూడు పద్నాలుగు రెట్లు పెరుగుతుంది. స్విచ్చి వేసిన మొదటి క్షణంలో ఆ బల్బు 230 ÷ 65 అంటే మూడున్నర ఆంపియర్లు లాగుతుంది. ఇస్త్రీపెట్టె లాగినంత! బల్బులు ఎప్పుడూ స్విచ్చి వేయగానే ఎందుకు మాడిపోయేవో ఇప్పుడు అర్థమైందా? ఇస్త్రీపెట్టెలో ఉండేది నైక్రోమ్, నికెల్, క్రోమియం కలిపిన తీగ. వేడెక్కినా దాని నిరోధం కొద్ది శాతమే మారుతుంది. అందుకే ఆయన లెక్క రెండు వైపులా 52.9కి కుదిరింది.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 8:30

చర్చ బాగుంది, ఆపను. ఒక్క హెచ్చరిక. నిరోధం కొలిచేటప్పుడు వస్తువు ప్లగ్గు తీసి ఉండాలి. మామూలు మల్టీమీటర్‌ను ఆంపియర్ల దగ్గర తిప్పి సాకెట్‌లో రెండు పుల్లలూ గుచ్చకండి. ఆంపియర్ల వైపు దాని నిరోధం దాదాపు సున్నా. పోయినసారి ఇలాగే ఒకరు మీటరు పేల్చుకుని మమ్మల్ని తిట్టారు.

గజపతినగరం_గృహిణి | సోమవారం, మధ్యాహ్నం 2:20

మీ లెక్కలన్నీ చదివి మా కుక్కరుకు వేసి చూసుకున్నాను. దాని మీద 700 వాట్లు అని ఉంది. సాయంత్రం మా ఇంట్లో 190 వోల్టులే. 478 వాట్లు వచ్చింది. ఏడింటికి పెట్టిన అన్నం ఎనిమిదింటికి కూడా ఎందుకు ఉడకదో ఇన్నాళ్లకు తెలిసింది. బియ్యాన్ని తిడుతూ వచ్చాను.

నాకు ఒకటి అర్థం కాలేదు. పెట్టె పెట్టినప్పుడు మా ఇంట్లో బల్బు వెలుగు మారినట్టే తెలియదు. పొందూరు ఆయన పాకలో మాత్రం పెట్టె ఆగగానే బల్బు వెలుగు పుంజుకుంటోంది. వీధిలో వోల్టేజి తక్కువైతే పెట్టె ఉన్నా లేకపోయినా తక్కువే ఉండాలి కదా? ఆయన ఇంట్లో, మీటరు బోర్డు దగ్గర ఎంత ఉందో ఎవరూ అడగలేదు.

వైండింగ్_షాపు_రాజాం | సోమవారం, మధ్యాహ్నం 3:00

అమ్మా, మీరు మా అందరినీ ఓడించారు. పొందూరు గారూ, నాలుగు అంకెలు కావాలి. ఇంటి బోర్డు దగ్గర పెట్టె ఆపి ఒకటి, పెట్టె నడుస్తుండగా ఒకటి. పాక ప్లగ్గు దగ్గర కూడా అలాగే రెండు. ఎర్రలైటు వెలుగుతున్నప్పుడే చూడండి, అది ఆరితే కరెంటు లాగడం లేదని అర్థం. ఇంటి నుంచి పాకకు వైరు ఎంత పొడవు, ఏ సైజో కూడా చెప్పండి.

పొందూరు_ఇస్త్రీ | సోమవారం, సాయంత్రం 6:50

ఇంటి బోర్డు దగ్గర పెట్టె ఆపితే 208, నడుస్తుంటే 206.
పాక దగ్గర పెట్టె ఆపితే 208, నడుస్తుంటే 172.
కరెంటు అదే 3.25.
ఇంటికీ పాకకూ మధ్య 60 మీటర్లు. రాగి ఫ్లెక్సిబుల్ వైరు, ఒక చదరపు మిల్లీమీటరు. కొబ్బరి చెట్ల మధ్య నుంచి వేలాడుతూ వస్తుంది.

పాలిటెక్నిక్_కుర్రాడు | సోమవారం, సాయంత్రం 7:05

పెట్టె ఆపితే పాకలో కూడా 208 ఉందంటే వైరు బాగున్నట్టే కదా?

నాగావళి_గట్టు | సోమవారం, సాయంత్రం 7:12

నిలబెట్టిన బండికి ఇరుసు అరిగిన సంగతి తెలుస్తుందా, బాబూ? కరెంటు పారకపోతే ఏ నిరోధం మీదా వోల్టేజి పోదు. సున్నాతో ఏది గుణించినా సున్నాయే. మల్టీమీటర్ లాగే కరెంటు లెక్కలోకి రాదు. బరువు పెట్టి కొలిస్తేనే వైరు గుణం బయటపడుతుంది.

వైండింగ్_షాపు_రాజాం | సోమవారం, సాయంత్రం 7:20

మిగతా మాటలు తరువాత. పొందూరు గారూ, ఇది చదవగానే ఇంట్లో మెయిన్ ఆపండి. పాక వైరు ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి.

ఎందుకో చెబుతాను. దారిలో 206 నుంచి 172కు పోయింది 34 వోల్టులు. 34 ÷ 3.25 = 10.5 ఓములు. ఆ సైజు రాగి వైరుకు కిలోమీటరుకు 19.5 ఓములు. వెళ్లడానికి 60, రావడానికి 60, మొత్తం 120 మీటర్లకు 2.34 ఓములు. అంటే వైరు తినవలసింది 7.6 వోల్టులే. మిగిలిన 26.4 వోల్టులు ఎక్కడో ఒక్క చోట పోతున్నాయి. 26.4ను 3.25తో గుణించండి. 86 వాట్లు. మా కొట్టులో రేడియోలు అతికే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు, దాని మొనకు సీసం కరుగుతుంది. అలాంటివి మూడున్నర మీ వైరులో ఏదో అతుకు దగ్గర ఉన్నట్టు. మీది తాటాకు పాక అన్నారు.

పొందూరు_ఇస్త్రీ | సోమవారం, సాయంత్రం 7:26

ఆపాను. ఫోను వెలుగులో వెళ్లి చూస్తాను.

ఆమదాలవలస_రైతు | సోమవారం, సాయంత్రం 7:40

అంత వేడి పుడితే ఫ్యూజు పోవాలి కదా? బోర్డులో ఎంసీబీ, అదే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చి, కూడా ఉండే ఉంటుంది.

వైండింగ్_షాపు_రాజాం | సోమవారం, సాయంత్రం 7:48

పోదు, అదే దీనితో వచ్చిన చావు. ఫ్యూజు చూసేది కరెంటును, వేడిని కాదు. చెడ్డ అతుకు కరెంటును తగ్గిస్తుంది. అతుకు బాగుంటే 3.7 ఆంపియర్లు పోవలసిన చోట మూడుంబావే పోతోంది కనుక ఎంసీబీకి అంతా చల్లగా ఉన్నట్టే లెక్క.

పొందూరు_ఇస్త్రీ | సోమవారం, రాత్రి 8:35

చేతులు ఇంకా వణుకుతున్నాయి.

రెండేళ్ల కిందట గాలివానకు కొబ్బరి మట్ట పడి ఆ వైరు తెగింది. అప్పుడు రెండు కొనలూ మెలిపెట్టి టేపు చుట్టాం. ఆ అతుకు సరిగ్గా పాక చూరు మీద ఆనుకుని ఉంది. నల్ల టేపు పాకం పట్టిన బెల్లంలా కారి గట్టిపడింది. విప్పితే న్యూట్రల్ మెలిక బాగానే ఉంది. ఫేజు మెలికలో మాత్రం తీగపోగులు సగానికి పైగా నల్లగా పెళుసెక్కి, వేలితో అంటితే పొడిగా రాలాయి. దాని కింద తాటాకు అరచేయంత మేర గోధుమరంగుకు మారి ఉంది. దీపావళి నాటికి ఏమయ్యేదో తలుచుకోలేను. మా ఆవిడ ఆ ఆకును కోసి బయట పడేసింది. రాత్రికి ఇక కరెంటు లేదు, కొవ్వొత్తే.

నాగావళి_గట్టు | సోమవారం, రాత్రి 8:50

అమ్మయ్య. మెలిపెట్టిన అతుకు వదులైతే పోగులు కొన్నిచోట్లే తగులుతాయి. తగిలే చోటు వేడెక్కుతుంది, వేడికి రాగి తుప్పు పడుతుంది, తుప్పుకు నిరోధం పెరుగుతుంది, మళ్లీ వేడి పెరుగుతుంది. రెండేళ్లు నెమ్మదిగా సాగిన పని ఇది. మీ పాత పెట్టె కూడా మంచిదే అయి ఉంటుంది, పడేయకండి.

పొందూరు_ఇస్త్రీ | గురువారం, రాత్రి 9:00

బుధవారం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. కాలిన ముక్క కోసేసి, స్క్రూ కనెక్టర్ డబ్బాలో పెట్టి గోడకు బిగించాడు, చూరుకు దూరంగా. కొత్త అంకెలు ఇవి. పెట్టె నడుస్తుండగా ఇంటి బోర్డు దగ్గర 206, పాకలో 197. కరెంటు 3.72. గుణిస్తే 733 వాట్లు. బల్బు ఇప్పుడు అంతగా ఎగిరిపడటం లేదు.

వైండింగ్_షాపు_రాజాం | గురువారం, రాత్రి 9:25

9 వోల్టులు పోవడం ఆ సన్న వైరుకు న్యాయమే. వీలైతే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు మార్చండి. 120 మీటర్లకు 0.6 ఓము, పోయేది రెండు వోల్టుల పైచిలుకు. పాకలో 203 వస్తుంది, 780 వాట్ల దాకా ఇస్తుంది. అంతకు మించి మీ చేతిలో లేదు. వీధిలోనే 208 ఉంది. 230కి 6 శాతం కంటే తేడా ఉండకూడదని నిబంధన, అంటే 216కి తగ్గకూడదు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చేసి ఫిర్యాదు రాయించండి, నంబరు తీసుకోండి. నోటిమాటతో వదిలేయకండి.

ఆమదాలవలస_రైతు | గురువారం, రాత్రి 9:50

రేపు పొద్దున నా స్టార్టర్ దగ్గర కూడా చూస్తాను. ఎలా కొలవాలి?

వైండింగ్_షాపు_రాజాం | గురువారం, రాత్రి 10:05

ఫేజుకూ ఫేజుకూ కాదు. మోటారు నడుస్తుండగా ఒకే ఫేజు లోపలికి వచ్చే స్క్రూకీ, అదే ఫేజు బయటికి వెళ్లే స్క్రూకీ మధ్య కొలవాలి. సున్నా పక్కనే ఉండాలి. మూడు ఫేజులకూ మూడుసార్లు. ఏ ఫేజు దగ్గరైనా రెండు మూడు వోల్టులు చూపిస్తే ఆ కాంటాక్టు పోయిందన్నమాట. మీరు మాత్రం చేయకండి, తడి పొలంలో తెరిచిన స్టార్టర్ ముందు కూర్చోవద్దు. తెలిసిన మనిషిని పిలిచి చేయించండి.

గజపతినగరం_గృహిణి | శుక్రవారం, ఉదయం 11:15

పొందూరు గారూ, ఇంతకీ పంచె సంగతి చెప్పలేదు. ఇప్పుడు ముడత వదులుతోందా?

పొందూరు_ఇస్త్రీ | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

వదులుతోందమ్మా. గంజి పంచె ఒకదానికి ఇదివరకు పదకొండు నిమిషాలు పట్టేది. ఈ రోజు గడియారం పెట్టుకుని చూశాను, తొమ్మిది.

పాలిటెక్నిక్_కుర్రాడు | శుక్రవారం, మధ్యాహ్నం 1:42

559ని 733తో భాగిస్తే 0.76. పదకొండుకు 8.4 నిమిషాలు రావాలి. మిగతా అర నిమిషం ఎక్కడ పోతోంది? ఇంకొక అతుకు ఏమైనా ఉందేమో చూశారా?

పొందూరు_ఇస్త్రీ | శుక్రవారం, మధ్యాహ్నం 2:10

మడత పెట్టడానికి, బాబూ. అది వోల్టేజితో మారదు.